పట్టా వేరు, సనదు వేరు
విదేశాలలో న్యాయవాద వృత్తికి అర్హత గూర్చి

మన కళాశాలలో బి.ఏ. ముగించి లాసెట్ వ్రాసి న్యాయశాస్త్రమునకు పోవు విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది. "లండను వెళ్ళి ఎల్.ఎల్.ఎం. చదివి వస్తే బారిస్టరు అయినట్లేనా?" అని. కాదు. ఎల్.ఎల్.ఎం. అనునది విశ్వవిద్యాలయము ఇచ్చు పట్టా. అది చదువుకు సాక్ష్యము. న్యాయస్థానములో నిలిచి ఒకరి పక్షమున మాట్లాడుటకు కావలసినది సనదు. దానిని ఇచ్చునది విశ్వవిద్యాలయము కాదు, ఆయా దేశములోని న్యాయవాదుల సంఘమో, న్యాయస్థానమో, శాసనము నియమించిన మండలియో ఇవ్వవలెను. ఈ తేడా తెలియక, ఉన్న కొద్దిపాటి స్థలమును తాకట్టు పెట్టి బిడ్డను పంపిన కుటుంబములు కలవు. కావున ఈ విషయమును కొంత వివరముగా వ్రాయదలచితిమి. మేము వకీలులము కాము, తెలుగు పాఠము చెప్పుకొనువారము. అయినను నియమములను చదివి అర్థము చేసికొనుట భాషోపాధ్యాయుని పనికి దూరమైనది కాదని మా నమ్మకము.

భాష మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన తెలుగు కోర్టు మాటలలో సగము ఉర్దూ, పారశీకముల మీదుగా వచ్చినవే. వకీలు, ఫిర్యాదు, వాయిదా, జామీను, హాజరు, వకాల్తునామా ఇట్టివి. వీనిలో 'ముద్దాయి' చాల చిత్రమైనది. ఉర్దూలో 'ముద్దయీ' అనగా దావా వేసినవాడు. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అను సామెత మన ఉర్దూ విద్యార్థులు ఎరుగుదురు. వాది నిద్రపోవుచుండగా సాక్షి హుషారుగా ఉన్నాడట. ఆ మాటయే తెలుగులోనికి వచ్చుసరికి బోనులో నిలిచిన నిందితుడైనది! ఎల్ల దాటిన మాట ఎదుటి పక్షములో చేరినది. న్యాయవాదుల బిరుదులకును ఇట్టి గతియే పట్టును. ఇంగ్లండులో బారిస్టరు వేరు, సొలిసిటరు వేరు. అమెరికాలో ఆ విభజనయే లేదు, అందరును అటార్నీలే. మన దేశములో 1961 నాటి అడ్వొకేట్ల చట్టము తరువాత అందరును అడ్వొకేట్లే. ఒక దేశపు బిరుదును మరియొక దేశమునకు తీసికొనిపోయి యథాతథముగా చెల్లించుకొందుమనుట కుదరదు.

పూర్వము మనవారు బారిస్టరు చదువుకు ఏల పోయిరో తెలిసికొనవలెను. ఆంగ్ల ప్రభుత్వ కాలములో న్యాయవాదులలో మెట్లు ఉండెడివి. క్రింది మెట్టు ప్లీడరు క్రింది కోర్టులకే పరిమితుడు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరములో సెకండు గ్రేడు ప్లీడరుగా మంచి పేరు, మంచి రాబడి సంపాదించినవారు. పురపాలక సంఘాధ్యక్షులుగా కూడ పనిచేసిరి. అయినను హైకోర్టులో నిలిచి వాదించు హక్కు వారికి లేదు. ఎంత ప్రతిభ ఉన్నను ఆ గడప దాటరాదు. వారు 1904లో ఇంగ్లండు పయనమై, బారిస్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసులో వృత్తి ప్రారంభించిరి. రాజమండ్రిలో మూసియున్న తలుపు లండను చుట్టి వచ్చుటచే తెరచుకొన్నది. బారిస్టరు బిరుదుకు ఆనాడు ఇంత విలువ ఉండుటకు కారణము పాండిత్యము కాదు, పాలకులు కట్టిన మెట్లు అని ఈ కథ చెప్పుచున్నది.

ఆ బిరుదు ఎట్లు వచ్చెడిది? లండనులో లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అను నాలుగు సంఘములు కలవు. వీనిలో ఒకదానిలో చేరిననే గాని బారిస్టరు కాజాలరు. నేటికిని అంతే. బద్రుద్దీన్ త్యాబ్జీ 1867లో మిడిల్ టెంపుల్ నుండి, మహమ్మదలీ జిన్నా 1896లోను, మహాకవి ఇక్బాల్ 1908లోను లింకన్స్ ఇన్ నుండి పిలుపు పొందిరి. గాంధీజీ ఇన్నర్ టెంపుల్ సభ్యులు. ఆ కాలపు పద్ధతిని ఆయన తమ ఆత్మకథలో నిస్సంకోచముగా వర్ణించిరి. పన్నెండు టరములు, అనగా సుమారు మూడేండ్లు, గడపవలెను. టరము గడుపుట అనగా భోజనమునకు హాజరగుట! టరములో జరుగు ఇరువది నాలుగు విందులలో కనీసము ఆరింటికి పోవలెను. నలుగురు కలిసి ఒక బల్లకు కూర్చుండగా రెండు సీసాల ద్రాక్షసారాయము ఇచ్చెడివారు. గాంధీజీ ముట్టరు గనుక ఆయన వాటా మిగిలిన ముగ్గురికి దక్కెడిది. అందువలన ఆయనను తమ బల్లకు రమ్మని పిలుచువారు ఎక్కువ. పరీక్షలు రోమను న్యాయమునందును, ఇంగ్లండు న్యాయమునందును. వానిని ఉత్తీర్ణులై 1891 జూన్ 10న పిలుపు, 11న హైకోర్టులో నమోదు, 12న ఓడ ప్రయాణము.

స్వదేశము వచ్చిన తరువాత ఏమైనది? హిందూ ధర్మశాస్త్రము గాని, ముస్లిం న్యాయము గాని ఆ మూడేండ్లలో ఆయనకు ఎవరును చెప్పలేదు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసున లేచి నిలిచి నోట మాట రాక కూర్చుండిపోయిరి. పట్టా వేరు, సనదు వేరు అని పైన వ్రాసితిమి. ఈ రెండింటికిని వేరైన మూడవది ఒకటి కలదు, అది పని వచ్చుట. దానిని ఏ సంఘమును చేతికి ఇవ్వజాలదు.

అయితే మా విషయమునకు అసలైన ఉదాహరణము లండను కాదు, నేటాల్. దాదా అబ్దుల్లా అను పోరుబందరు వర్తకుని వ్యాజ్యము పనిమీద గాంధీజీ 1893లో దక్షిణాఫ్రికా చేరిరి. మరుసటి ఏట నేటాల్ సుప్రీంకోర్టులో అడ్వొకేటుగా నమోదుకై దరఖాస్తు పెట్టిరి. బొంబాయి హైకోర్టు నమోదు పత్రము చేతిలో ఉన్నది. ఇంగ్లండు మూలపత్రమును బొంబాయిలో నమోదు అయినప్పుడు అక్కడనే దాఖలు చేసియుండిరి. సత్ప్రవర్తనకు రెండు యోగ్యతాపత్రములు కావలసియుండగా, తెల్లవారు వ్రాసినచో ఎక్కువ చెల్లునని ఇద్దరు ఐరోపా వర్తకుల వద్ద తీసికొనిరి. అక్కడి న్యాయవాదుల సంఘము అడ్డుపడినది. మూల సర్టిఫికెట్టు జతపరచలేదనుట ఒక ఆక్షేపణ. నియమములు వ్రాసిన నాడు నల్లవాడు ఒకడు దరఖాస్తు పెట్టునని ఎవరును ఊహించియుండలేదు గనుక ఆ నియమములు ఇతనికి వర్తింపవనుట అసలు ఆక్షేపణ. సత్ప్రవర్తన గూర్చి కూడ చిక్కు వచ్చినది. ఆ తెల్లవర్తకులకు ఇతనిని గూర్చి ఏమి తెలియును, దాదా అబ్దుల్లా ద్వారానే గదా పరిచయము అని సంఘము తరఫు న్యాయవాది ప్రశ్న. కడకు దాదా అబ్దుల్లాయే ప్రమాణపత్రము ఇచ్చిరి.

ప్రధాన న్యాయమూర్తి సంఘము ఆక్షేపణలను త్రోసిపుచ్చిరి. మూలపత్రము జతపరచకపోవుట పెద్ద లోపము కాదనియు, ప్రమాణము అబద్ధమైనచో శిక్షించి పేరు కొట్టివేయవచ్చుననియు, చట్టము తెలుపు నలుపుల భేదము చూపుట లేదనియు ఆయన నిర్ణయము. 1894 సెప్టెంబరులో గాంధీజీ ప్రమాణము చేసిరి. వెనువెంటనే, తలపాగా తీయవలెనని న్యాయమూర్తి ఆజ్ఞ. అంతకు ముందు ఒక మెజిస్ట్రేటు కోర్టులో తీయనని బయటికి నడచిన మనిషి ఈసారి తీసిరి. పెద్ద పోరాటములకు బలము దాచుకొనవలెనని ఆయన సమాధానము. మిత్రులకు ఇది రుచింపలేదు. మాకును ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మనస్సు ఒక మూల కలుక్కుమనును.

నేటి నియమావళులు వందల పుటలు ఉండవచ్చును గాని, వానిలోని ప్రశ్నలు నేటాల్ కోర్టులో వినబడినవే. ఏమి చదివితివి? కాగితములు ఏవి? నీ నడవడికి సాక్షి ఎవరు? నీవు వచ్చుటచే ఇక్కడి వారికి ఏమి నష్టము? నాల్గవ ప్రశ్నను ఏ దరఖాస్తు ఫారమునను అచ్చువేయరు. అయినను అది ఉండనే ఉండును.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలెను. కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసిరి. స్త్రీ అగుటచే పట్టా ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయము 1920లో గాని స్త్రీలకు పట్టాలు ఇచ్చుట మొదలిడలేదు. ఇంగ్లండులో 1919 నాటి చట్టము, మన దేశములో 1923 నాటి చట్టము వచ్చిన పిదపనే స్త్రీలకు న్యాయవాద వృత్తి ద్వారము తెరచుకొన్నది. చదువు చేతిలో ఉండి, సనదుకై ముప్పది ఏండ్లు కాచుకొని కూర్చున్నదామె. మన విద్యార్థినులు ఆమె జీవితమును చదువవలెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పాత మెట్లు పోయినవి. అడ్వొకేట్ల చట్టము 24వ సెక్షను ప్రకారము, 1976 డిసెంబరు 31వ తేదీలోపల పిలుపు పొందిన బారిస్టరును మాత్రమే ఆ బిరుదు ఆధారముగా ఇక్కడ నమోదు చేయవచ్చును. ఆ తరువాత బారిస్టరు అను బిరుదుచే ఇండియాలో ప్రత్యేకమైన హక్కు ఏదియు రాదు. పెండ్లి పత్రికలలో 'బార్-ఎట్-లా' అని అచ్చువేయించుకొనుటకు ఎవరును అడ్డుచెప్పరు గాని, కోర్టులో అది చెల్లదు.

మరి నేడు ఇంగ్లండులోనే వృత్తి చేయదలచిన వారికి దారి ఏది? రెండు శాఖలు గనుక రెండు దారులు. బారిస్టరు కాదలచువారు న్యాయశాస్త్ర పట్టా గాని, తత్సమానమైన చదువు గాని పొంది, నాలుగు ఇన్‌లలో ఒకదానిలో చేరి, వృత్తి శిక్షణ కోర్సు పూర్తిచేయవలెను. విందుల స్థానములో ఇప్పుడు ఎక్కువగా ఉపన్యాసములు, అభ్యాస తరగతులు వచ్చినవి. అంతవరకు వచ్చినవారిని ఇన్ 'పిలుచును'. పిలుపుతో బిరుదు వచ్చును గాని పని రాదు. ఒక అనుభవశాలి వద్ద పన్నెండు నెలల శిష్యరికము చేయవలెను. మొదటి ఆరునెలలు చూచుట, తరువాతి ఆరునెలలు స్వయముగా వాదించుట. ఈ శిష్యరికపు స్థానములు పిలుపు పొందినవారి సంఖ్యతో పోల్చినచో చాల తక్కువ. అక్కడ పుట్టి పెరిగినవారే ఏండ్ల తరబడి ప్రయత్నించి దొరకక వేరు దారి చూచుకొనుచున్నారు. కోర్సు నడుపు సంస్థల ప్రకటనలలో ఈ సంగతి పెద్ద అక్షరములలో కనబడదు. ఇండియాలో ఇప్పటికే అడ్వొకేటుగా అనుభవము ఉన్నవారు మాత్రము బార్ స్టాండర్డ్స్ బోర్డుకు దరఖాస్తు పెట్టి కొన్ని భాగములనుండి మినహాయింపు కోరవచ్చును.

సొలిసిటరు దారి మనవారికి ఇంతకంటె సుగమము. 2021 సెప్టెంబరు నుండి అక్కడ సొలిసిటర్ల అర్హతా పరీక్ష అని ఒకే పరీక్ష ఏర్పడినది. దానికి ముందు విదేశీ న్యాయవాదులకు ప్రత్యేకముగా ఉండిన బదిలీ పరీక్షను ఎత్తివేసిరి. ఇప్పుడు ఆంగ్లేయుడైనను అనంతపురమువాడైనను అదే ప్రశ్నపత్రము. మొదటి భాగములో రెండు పత్రములు, ఒక్కొక్కదానిలో 180 ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకు అయిదు సమాధానములలో శ్రేష్ఠమైనది ఎంచవలెను. రెండవ భాగములో పదునారు పనులు. వానిలో పన్నెండు వ్రాతవి, నాలుగు నోటితో చేయునవి. కక్షిదారుని విచారించుట, వాదించుట వంటివి నోటి పనులు. మొదటి భాగమును ఇండియాలోని పరీక్షా కేంద్రములలో వ్రాయవచ్చును. నోటి పరీక్షకు మాత్రము ఆ దేశము పోక తప్పదు. ఏ భాగమునకైనను మూడు ప్రయత్నములే, మొత్తము ఆరేండ్ల గడువు. రెండు భాగములకు రుసుము కలిపి నాలుగువేల పౌండ్లు దాటును. దీనిలో ఏ కోచింగు ఖర్చును కలియలేదు.

పరీక్షతోబాటు ఏదో ఒక విషయమున డిగ్రీ, సత్ప్రవర్తన, రెండేండ్ల వృత్తి అనుభవము కావలెను. ఈ అనుభవమును నాలుగు చోట్ల వరకు విడదీసి చేయవచ్చును, ఇండియాలో చేసినదైనను చెల్లును. అయితే ఇంగ్లండు సొలిసిటరు ఒకరు గాని, అక్కడి సంస్థలో నియమితుడైన నిబంధనాధికారి గాని దానిని ధ్రువపరచవలెను. ఇక్కడ సనదు పొందిన అడ్వొకేటుకు ఆ రెండేండ్ల షరతు వర్తింపదు. పైగా తగిన అనుభవము చూపగలిగినచో రెండవ భాగమునుండి మినహాయింపు కోరవచ్చును. కావున డిగ్రీ కాగానే అప్పుచేసి పరుగెత్తుట కంటె, ఇక్కడ నమోదై జిల్లా కోర్టులో రెండు మూడేండ్లు పనిచేసి, మొదటి భాగము ఇక్కడనే వ్రాసి, అది గట్టెక్కిన పిదప విమానము టిక్కెట్టు సంగతి ఆలోచించుట మేలని మా అభిప్రాయము. దీనికి వయస్సు మీరిపోవునను భయము అక్కరలేదు.

అమెరికాలో కేంద్ర సనదు అనునది లేదు. ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే. చాల రాష్ట్రములు అమెరికా న్యాయకళాశాలలోని మూడేండ్ల చదువును కోరును. విదేశీయులకు ఎక్కువగా దారి ఇచ్చునవి న్యూయార్కు, కాలిఫోర్నియాలు. మన న్యాయపద్ధతి ఇంగ్లండు కామన్ లా సంతతి అగుటచే న్యూయార్కులో మనకు కొంత మేలు కలదు. చదివిన కాలమును, చదివిన విషయమును అక్కడి వారు తూచి చూతురు. రెండును సరిపోయినచో నేరుగా పరీక్షకు అనుమతి. ఒకదానిలో తక్కువైనచో అక్కడ ఎల్.ఎల్.ఎం. చేసి ఆ లోటు పూరించవలెను. ఎల్.ఎల్.ఎం.కు అసలు ప్రయోజనము ఇక్కడ ఉన్నది! తరగతికి హాజరు కాకుండ దూరవిద్య ద్వారా పొందిన ఎల్.ఎల్.బి. మాత్రము వారి లెక్కలోనికి రాదు. పరీక్ష రెండు దినములు, 400కు 266 రావలెను. నీతినియమముల పరీక్ష వేరు, న్యూయార్కు చట్టముపై చిన్న పరీక్ష వేరు. వీనికి తోడు ప్రతిఫలము లేకుండ ఏబది గంటల న్యాయసేవ చేసియుండవలెను. ఈ నియమము మాకు చాల నచ్చినది. అక్కడి పరీక్షా విధానము మారనున్నది. కొత్త రూపమును న్యూయార్కు 2028 జూలై నుండి అనుసరించునని ప్రకటించిరి. ఇప్పుడు ప్రథమ సంవత్సరములో ఉన్నవారు పాత పుస్తకములు కొనరాదు. కాలిఫోర్నియా, మరియొక దేశములో సనదు పొంది సభ్యత్వము నిలుపుకొన్న న్యాయవాదిని అధికముగా చదివింపకయే పరీక్షకు కూర్చుండనిచ్చును. ఇక్కడను, ముందు మన బార్ కౌన్సిలులో నమోదైనవానికే లాభము.

కెనడాలో విదేశీ పట్టాలను పరిశీలించు జాతీయ సమితి ఒకటి ఏయే విషయములలో పరీక్ష వ్రాయవలెనో చెప్పును. అటుపిమ్మట ఆయా ప్రాంతపు పరీక్ష, శిక్షణ. గల్ఫు దేశములను గూర్చి మన ఇండ్లలో ఆశలు ఎక్కువ. అక్కడ కోర్టు భాష అరబ్బీ, కోర్టులో నిలిచి వాదించుట చాలవరకు ఆ దేశస్థుల పని. మనవారు సలహాదారులుగా, ఒప్పందపత్రములు వ్రాయువారుగా రాణించవచ్చును. దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రపు కోర్టులు మాత్రము ఆంగ్లములో, కామన్ లా పద్ధతిలో నడచుచున్నవి. మదర్సాలో నేర్చిన అరబ్బీ పునాదిగా ఉపయోగపడును గాని, అది కోర్టు అరబ్బీ కాదు.

ఇక తిరిగి వచ్చు దారి. విదేశములో ఎల్.ఎల్.బి. చదివినవారు స్వదేశములో నమోదు కావలెనన్నచో ఆ పట్టాను భారత బార్ కౌన్సిలు గుర్తించియుండవలెను, వారు పెట్టు అర్హతా పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను, ఆపైన అందరికివలెనే అఖిల భారత బార్ పరీక్ష. ఆ విశ్వవిద్యాలయము పేరు గుర్తింపు జాబితాలో ఉన్నదో లేదో రుసుము కట్టకముందే చూడవలెను, కట్టిన తరువాత కాదు. ఇంకొక వైపున, విదేశీ న్యాయవాదులు ఇక్కడ వృత్తి చేయరాదని, అప్పుడప్పుడు వచ్చి సలహా చెప్పిపోవచ్చునని 2018 మార్చిలో ఎ.కె. బాలాజీ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో బార్ కౌన్సిలు నియమములు వెలువరించి, కోర్టు వాదములు తప్ప విదేశీ న్యాయము, అంతర్జాతీయ న్యాయము మొదలగు విషయములలో పరస్పరత ప్రాతిపదికన వారికి కొంత చోటు ఇచ్చినది. 2025లో వానిని సవరించినది. నేటాల్ సంఘము వేసిన నాల్గవ ప్రశ్న ఇప్పుడు మన సంఘములును వేయుచున్నవి. రంగుభేదము లేదు గనుక రెండును ఒకటి కావు. అయినను చదువరులు ఆ పోలికను ఒకసారి తలచి చూడవలెను.

చివరిగా కాగితముల మాట. చిన్నదిగా కనబడును గాని, మన విద్యార్థుల దారిలో పెద్ద బండ ఇదియే. పదవ తరగతి సర్టిఫికెట్టులో 'ఎం.డి.' అని, ఇంటర్మీడియెట్టులో 'మహమ్మద్' అని, పాస్‌పోర్టులో 'మొహమ్మద్' అని ఒకే పిల్లవానికి మూడు పేర్లు. ఆడపిల్లలకు ఒకచోట 'బేగం', ఒకచోట 'సుల్తానా', మరియొకచోట రెండును లేవు. ఇంటిపేరు ఏది, సొంతపేరు ఏది అని ఫారము అడిగినచో తండ్రి పేరు వ్రాయువారు కొందరు. 'ఎం.డి.' అని ఉన్నచో విదేశీ అధికారి వైద్యపట్టా అనుకొనును. సనదు ఇచ్చు మండలులు పట్టా ఉన్న మనిషియు, దరఖాస్తు పెట్టిన మనిషియు ఒక్కరే అని రుజువు కోరును. మార్కుల పత్రములను విశ్వవిద్యాలయమే నేరుగా పంపవలెనను నియమమును న్యూయార్కు వంటి చోట్ల కలదు. నెలల కాలము దీనికే పోవును.

కళాశాల కార్యవర్గమువారికి మా మనవి ఒకటి. ప్రతి సంవత్సరము ప్రవేశములు ముగిసిన వారములోనే, ప్రథమ సంవత్సరపు విద్యార్థులందరి సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌పోర్టు ఉన్నవారికి అదియు ఒక బల్లమీద పరచి పేర్లు సరిచూచు ఏర్పాటు చేయవలెను. తేడా ఉన్నవారి చేత బోర్డుకు దరఖాస్తు అప్పుడే పెట్టింపవలెను. ఉర్దూలో పేరు ఎట్లు వ్రాయుదురో, దానిని తెలుగున, ఆంగ్లమున ఏ అక్షరములతో నిలుపవలెనో నిర్ణయించుటకు ఉర్దూ శాఖవారును మేమును కూర్చుండుటకు సిద్ధముగా ఉన్నాము. రెండు మధ్యాహ్నములు చాలును.